రెండు జన్యువుల మోడల్‌లో లేని చక్రం ఎక్కడి నుంచి వచ్చింది? బూలియన్, పెట్రీ నెట్, గిలెస్పీ: దేన్ని ఎప్పుడు వాడాలి?

నిత్యగణకం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాది కంప్యూటర్ సైన్స్. ప్రస్తుతం ఒక జీవశాస్త్ర బృందంతో కలిసి పనిచేస్తున్నాను. రక్తకణాలను తయారుచేసే మూలకణం ఏ దారి పడుతుందో చూపించే మోడల్ కావాలని అడిగారు. అందరూ మొదట చెప్పే జన్యువుల జంటతోనే నేనూ మొదలుపెట్టాను: గాటా1, పీయూ.1. వీటి ప్రోటీన్లు ఇతర జన్యువులను నియంత్రిస్తాయి (ట్రాన్‌స్క్రిప్షన్ కారకాలు). గాటా1 పైచేయి సాధిస్తే కణం ఎర్ర రక్తకణాల వైపు, పీయూ.1 పైచేయి సాధిస్తే మైలాయిడ్ కణాల (కొన్ని రకాల తెల్ల రక్తకణాల) వైపు వెళ్తుందని, ఈ రెండూ ఒకదాన్నొకటి అణచివేస్తాయని పుస్తకాల్లో ఉంది.

బూలియన్ నెట్‌వర్క్‌గా, అంటే ప్రతి జన్యువుకూ 1 (ఆన్) లేదా 0 (ఆఫ్) మాత్రమే ఇచ్చి, రాస్తే రెండే నియమాలు:

గాటా1 తర్వాతి విలువ = పీయూ.1 లేకపోతే 1
పీయూ.1 తర్వాతి విలువ = గాటా1 లేకపోతే 1

(గాటా1, పీయూ.1) క్రమంలో రాస్తే (1,0), (0,1) రెండూ స్థిర స్థితులు, అంటే అక్కడికి చేరాక ఇక మారవు. అక్కడిదాకా బాగుంది. కానీ (1,1) నుంచి నడిపితే (0,0)కి వెళ్తుంది, అక్కడి నుంచి మళ్లీ (1,1)కి వస్తుంది. ఇలా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మా బృందంలో ప్రయోగాలు చేసేవాళ్లు ఇది చూసి, ఇలా కొట్టుమిట్టాడే కణాన్ని ఎవరూ చూడలేదన్నారు. అసలు రేట్లు, సమయం లేనిదాన్ని మోడల్ అనొచ్చా అని కూడా అడిగారు.

నా ప్రశ్నలు రెండు. ఈ చక్రం జీవశాస్త్రంలోంచి వచ్చిందా, నేను ఎంచుకున్న పద్ధతిలోంచి వచ్చిందా? ఇలాంటి పనికి బూలియన్ సరిపోతుందా, లేక విలువలు కాలంతో నిరంతరంగా ఎలా మారతాయో చెప్పే అవకలన సమీకరణాలకు నేరుగా వెళ్లాలా?

---

తర్కవీధి

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. ఆ చక్రం పద్ధతిలోంచే వచ్చింది. మీరు సింక్రొనస్ అప్‌డేట్ వాడారు, అంటే ప్రతి అడుగులో రెండు జన్యువులూ సరిగ్గా ఒకే క్షణంలో మారుతున్నాయి. కణంలో ఆ రెండింటినీ ఒకే తాళానికి నడిపించే గడియారం ఏదీ లేదు. ఏదో ఒకటి కాస్త ముందు మారుతుంది. ఆ ముందు మారినదే గెలుస్తుంది.

ఎసింక్రొనస్‌గా నడిపి చూడండి, అంటే ఒక అడుగులో ఒక్క జన్యువునే మారనివ్వండి. (1,1) నుంచి గాటా1 ముందు పడిపోతే (0,1), పీయూ.1 ముందు పడిపోతే (1,0). రెండూ స్థిర స్థితులే, కాబట్టి చక్రం మాయమవుతుంది. జన్యు నియంత్రణ విషయంలో ఎసింక్రొనస్ పద్ధతే సబబని రెనే థామస్ 1970ల నుంచీ వాదించాడు. బూలియన్ నెట్‌వర్క్‌లను జీవశాస్త్రంలోకి తెచ్చిన కాఫ్‌మన్ 1969లో సింక్రొనస్ పద్ధతే వాడాడు.

ఎసింక్రొనస్ అంటే ఏ చక్రాన్నయినా చెరిపేస్తుందేమో అనిపించవచ్చు. అలా కాదని చూపడానికి రిప్రెసిలేటర్ మంచి ఉదాహరణ. ఎలోవిట్జ్, లైబ్లర్ 2000లో ఇ. కోలై బ్యాక్టీరియాలో మూడు జన్యువులను వలయంగా కట్టారు: మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మొదటిదాన్ని అణచివేస్తుంది. దీన్ని కాగితం మీదే లెక్కించవచ్చు, మొత్తం 8 స్థితులే. సింక్రొనస్‌లో రెండు చక్రాలు వస్తాయి: ఒకటి 000, 111 మధ్య ఊగేది, రెండోది 100, 101, 001, 011, 010, 110 అనే ఆరు స్థితుల చక్రం. ఎసింక్రొనస్‌లో మొదటిది పోతుంది, రెండోది నిలుస్తుంది, ఎందుకంటే ఆ ఆరింటిలో ప్రతి అడుగుకీ మారాల్సింది ఒక్క జన్యువే. కణాల్లో కనిపించిన డోలనం ఈ ఆరు స్థితుల చక్రానికే సరిపోలుతుంది. అంటే అప్‌డేట్ పద్ధతి మార్చినా నిలిచే చక్రాన్ని నమ్మవచ్చు. మార్చగానే మాయమయ్యేదాన్ని అనుమానించాలి.

---

కొత్తపాఠకురాలు

చదువుతూ కాగితం మీద వేసి చూశాను, ఆరు స్థితులూ వచ్చాయి! ఒక చిన్న సందేహం. పీయూ.1, గాటా1 రెండూ తమను తాము కూడా ఉత్తేజపరుచుకుంటాయని చదివాను. నిత్యగణకం గారి నియమాల్లో అది లేదు కదండీ?

---

తర్కవీధి

మంచి ప్రశ్న. అది కూడా కలిపి చూద్దాం: "గాటా1 ఉండి, పీయూ.1 లేకపోతే గాటా1 నిలుస్తుంది", అలాగే రెండోదానికీ. ఇప్పుడు సింక్రొనస్‌లో (1,1) నేరుగా (0,0)కి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. చక్రం లేదు, కానీ రెండు జన్యువులూ ఆరిపోయాయి. ఇదీ ఒకే క్షణంలో మారాయనుకోవడం వల్లే. ఎసింక్రొనస్‌లో (1,1) నుంచి మళ్లీ రెండు దారులే.

దీన్ని పెద్దగా రాసిన మోడల్ ఒకటుంది: 2011లో క్రుమ్‌సీక్ బృందం ప్రచురించింది. అందులో 11 ట్రాన్‌స్క్రిప్షన్ కారకాలు ఉన్నాయి. తొలి స్థితి నుంచి నడిపితే చేరే స్థిర స్థితులు నాలుగు రకాల పరిణత కణాలకు సరిపోయాయి. నిత్యగణకం గారూ, మీ బృందం దానితో మొదలుపెడితే బాగుంటుంది.

---

ప్రయోగశాల_నుంచి

నేను ప్రయోగాల వైపు మనిషిని. చర్చంతా (1,1) నుంచి ఎటు వెళ్తుందన్న దాని మీదే నడుస్తోంది. నేను దానికంటే ముందున్న ప్రశ్న అడుగుతాను. ఆ (1,1) అనే స్థితి కణంలో ఉందా?

2016లో నేచర్‌లో హోపె, ష్రోడర్ బృందం పని వచ్చింది. ఎలుకల కణాల్లో ఈ రెండు ప్రోటీన్లకూ మెరిసే గుర్తులు తగిలించి, ఒక్కొక్క కణాన్ని రోజుల తరబడి మైక్రోస్కోప్ కింద వెంబడించారు. రెండు ప్రోటీన్లూ కలిసి ఉండి, యాదృచ్ఛికంగా ఒకటి పైచేయి సాధించి, దాంతో దారి తేలిపోయే దశ వాళ్లకు కనిపించలేదు. గాటా1 కనిపించేసరికే కణం నిర్ణయం అయిపోయింది. ఈ జంట నిర్ణయాన్ని మొదలుపెట్టడం లేదు, అయిన నిర్ణయాన్ని గట్టిపరుస్తోందన్నది వాళ్ల వాదన. సింక్రొనస్సా, ఎసింక్రొనస్సా అని మీరు ఎంత శ్రద్ధగా తేల్చినా, మొదలే తప్పయితే లాభమేముంది?

మోడల్ వద్దని నేను అనడం లేదు. మోడల్ అందంగా ఉంటే అందరూ దాన్నే నమ్మేస్తారు. ఈ జంట కథను ఎన్నో ఏళ్లపాటు పాఠంలా చెప్పుకున్నారు.

---

తర్కవీధి

మీరు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటాను. దాని నుంచి నేను తీసే ముగింపు మాత్రం వేరు. "రెండు కారకాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి" అని ఒక బొమ్మ, నాలుగు బాణాలు వేసి వదిలేసి ఉంటే హోపె బృందం దేన్ని పరీక్షించేది? టాగుల్ స్విచ్ (రెండు వైపుల్లో ఏదో ఒకవైపే నిలిచే మీట) అని సమీకరణాలుగా రాసినందువల్లే దానికి ఒక షరతు వచ్చింది: నిర్ణయానికి ముందు రెండూ కలిసి ఉండే దశ ఉండి తీరాలి. ప్రయోగం ఆ షరతునే పట్టుకుంది. బాణాల బొమ్మ ఏ ఫలితంతోనైనా సర్దుకుపోతుంది. ఫార్మల్ మోడల్ అలా సర్దుకోలేదు, అది దేన్ని కుదరదంటుందో ముందే రాసి ఉంటుంది. నేను ఈ రంగంలో ఉన్నది అందుకే.

---

ప్రయోగశాల_నుంచి

సరే, అది న్యాయమే. అయితే మోడల్ రాసేవాళ్లు "ఇది కుదరదు" అన్నదాన్ని పేపర్‌లో మొదటి పేజీలోనే రాయాలి. సప్లిమెంట్‌లో నలభయ్యో పేజీలో కాదు.

---

అణువులెక్క

ఆలస్యంగా వచ్చాను. ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. ఎసింక్రొనస్ మోడల్ రెండు దారులు ఉన్నాయని చెబుతుంది, ఏ దారి ఎంత తరచుగా అన్నది చెప్పదు. చాలామంది ప్రతి అడుగులో జన్యువును సమాన సంభావ్యతతో ఎంచి, వెయ్యిసార్లు నడిపి, "సగం కణాలు ఇటు, సగం అటు" అని ప్రకటిస్తారు. ఆ సగం మోడల్ కనుక్కున్నది కాదండీ, మనమే లోపల పెట్టింది. ఇలాంటి శాతాలతో వేసిన పట్టికలు చూస్తే నాకు బాధేస్తుంది.

నిష్పత్తులు కావాలంటే అణువుల లెక్కకు దిగాలి. దానికి గిలెస్పీ 1976, 1977లో ఇచ్చిన పద్ధతి ఉంది. ఒక్కో అడుగుకు రెండు ర్యాండమ్ సంఖ్యలు తీస్తారు. తర్వాతి చర్య ఎప్పుడు జరుగుతుందో ఒకటి చెబుతుంది, ఏ చర్య జరుగుతుందో రెండోది. ప్రతి చర్య అవకాశం ఆ క్షణంలో ఉన్న అణువుల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఇది ఉజ్జాయింపు కాదు. కణం లోపల అంతా బాగా కలిసిపోయి ఉందనే ఊహకు లోబడి, కచ్చితమైన పద్ధతి. అణువులు లక్షల్లో ఉంటే నత్తనడక నడుస్తుంది, అందుకే 2001లో ఆయనే టౌ-లీపింగ్ అని ఒకేసారి చాలా చర్యలు దాటేసే ఉజ్జాయింపు కూడా ఇచ్చాడు.

కణంలో అణువులు ఎన్ని ఉంటాయన్నదే ఇక్కడ అసలు సంగతి. ఇ. కోలైలో ల్యాక్ రిప్రెసర్ అనే, జన్యువులను అణచే ప్రోటీన్ కణానికి సుమారు 10 మాత్రమే ఉంటుంది. పది ఉన్నచోట ఒకటి తగ్గితే పది శాతం తగ్గినట్టు. అక్కడ "గాఢత" అని నునుపైన గీత గీస్తే అది దేని గీత? పైగా కణాల్లో సగం ఇటు, సగం అటు వెళ్లినప్పుడు సగటు తీస్తే మధ్యలో ఒక విలువ వస్తుంది. ఆ విలువ ఉన్న కణం ఒక్కటీ ఉండదు. లాంబ్డా ఫేజ్ అనే వైరస్ బ్యాక్టీరియాలోకి చేరాక దాన్ని చంపాలా, దాని డీఎన్ఏలో దాక్కోవాలా అన్న నిర్ణయాన్ని ఆర్కిన్, రాస్, మెక్ఆడమ్స్ 1998లో ఈ పద్ధతితోనే చూపారు: ఒకే రకం కణాలు, ఒకే పరిస్థితి, అయినా వేర్వేరు ముగింపులు.

---

గుండె_విద్యుత్తు

అవకలన సమీకరణాలను మరీ చులకన చేస్తున్నారు! నేను గుండె కణాల విద్యుత్తు మీద పనిచేస్తాను. ఒక కణం పొరలో అయాన్ ఛానెళ్లు వేలల్లో ఉంటాయి. రేట్లు ప్రయోగంలో నేరుగా కొలవవచ్చు. అలాంటిచోట నునుపైన గీతే సరైనది.

హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ నాడీ తంతువు మీద చేసిన పని ఇప్పటికీ నాకు కొలమానం. వోల్టేజ్‌ను బిగపట్టి ఉంచి ప్రవాహాలు కొలిచారు, ఆ కొలతలతో సమీకరణాలు కట్టారు. తర్వాత అవే సమీకరణాలతో, వాటిని కట్టడానికి వాడని విషయాన్ని, అంటే సంకేతం తంతువు వెంట ప్రయాణించే వేగాన్ని లెక్కగట్టారు. లెక్కలో సెకనుకు 18.8 మీటర్లు వచ్చింది, కొలిస్తే 21.2. హక్స్‌లీ ఆ లెక్కలను చేత్తో తిప్పే యంత్రం మీద చేశాడు. అందరూ డేటాకు గీత ఎంత బాగా అతికిందో చూపిస్తారు. అతికించడానికి వాడని దాన్ని ఎంత దగ్గరగా చెప్పిందో చూపించేవాళ్లు తక్కువ.

ఇప్పుడు కొత్త మందులు గుండె లయను చెడగొడతాయేమో ముందే అంచనా వేయడానికి 2013లో మొదలైన సీపా అనే ప్రయత్నంలో కూడా జఠరిక కణం మోడల్ ఒక భాగం. దానికి ఆధారం 2011లో వచ్చిన ఓహారా-రూడీ మోడల్. మనుషుల ఆరోగ్యంతో ముడిపడిన నిర్ణయాల్లో ఇలాంటి మోడల్ వాడుతున్నారంటే, కొలిచిన రేట్లు ఉండటం వల్లే.

---

అణువులెక్క

చులకన చేయలేదండీ. మీ దగ్గర కొలిచిన రేట్లు ఉన్నాయి. జన్యు నియంత్రణలో చాలావరకు ఉండవు. గ్రాఫ్‌కు అతికేదాకా సరిచేస్తూ పోతారు. 2007లో గుటెన్‌కున్స్ట్, సెత్నా బృందం ప్రచురితమైన 17 మోడళ్లను పరీక్షించింది. అన్నింటిలోనూ ఒకే లక్షణం: కొన్ని పారామీటర్ల కలయికలు కాస్త కదిలితే ఫలితం మారిపోతుంది, మిగతావి ఎన్నో రెట్లు మార్చినా గ్రాఫ్ కదలదు. వీటికి "స్లాపీ" మోడళ్లని పేరు. కాబట్టి డేటాకు అతికింది కదా అని పారామీటర్ల విలువలను నిజమనుకోకూడదు. మోడల్ ఇచ్చే అంచనా గట్టిగా ఉండవచ్చు, లోపలి సంఖ్యలు గాలిలో ఉండవచ్చు. ఇవి రెండూ వేర్వేరు సంగతులు.

---

కొత్తపాఠకురాలు

శీర్షికలో పెట్రీ నెట్ అని ఉంది, దాని గురించి ఎవరూ చెప్పలేదు. అది బూలియన్‌కి చుట్టమా, గిలెస్పీకి చుట్టమా?

---

తర్కవీధి

రెండింటికీ. కార్ల్ ఆడమ్ పెట్రీ 1962 సిద్ధాంత గ్రంథంతో వచ్చింది. ఇదొక బొమ్మ: గుండ్రాలు పదార్థాలు, పెట్టెలు చర్యలు, గుండ్రాల్లోని టోకెన్లు అణువులు. ఒక ఎంజైమ్ తీసుకోండి: ఎంజైమ్, అది మార్చే పదార్థం (సబ్‌స్ట్రేట్) కలిసి జంటవుతాయి. ఆ జంట మళ్లీ అలాగే విడిపోతుంది, లేదా ఎంజైమ్‌గా, ఉత్పత్తిగా విడిపోతుంది. దీన్ని పెట్రీ నెట్‌గా వేస్తే, ఒక్కసారి కూడా నడపకుండానే, బాణాల మాత్రిక నుంచే తెలుస్తుంది: విడిగా ఉన్న ఎంజైమ్, జంటలో ఉన్న ఎంజైమ్ కలిపితే ఎప్పుడూ ఒకే సంఖ్య. వీటిని పీ-ఇన్వేరియంట్లు అంటారు. పెద్ద జీవక్రియ మార్గం రాశాక ఇలా నిలకడగా ఉండాల్సిన మొత్తం ఏదైనా నిలకడగా లేదంటే, ఎక్కడో ఒక చర్యలో పదార్థం గాలిలోంచి పుట్టిందన్నమాట. సిమ్యులేషన్‌కు ముందే తప్పు దొరుకుతుంది. చర్యలకు రేట్లు తగిలిస్తే అదే బొమ్మను గిలెస్పీ పద్ధతిలోనూ నడపవచ్చు.

"ఇది లేనప్పుడే" అనే నిరోధక బాణాలు చేర్చేముందు ఆలోచించండి. మామూలు పెట్రీ నెట్‌లో ఒక స్థితికి చేరగలమా అన్న ప్రశ్నను అల్గారిథమ్‌తో తేల్చవచ్చు. రెండు మూడు నిరోధక బాణాలు అడ్డూఆపూ లేకుండా వాడితే ఆ హామీ పోతుంది, ఏ కంప్యూటర్ ప్రోగ్రామ్‌నైనా నడపగల ట్యూరింగ్ యంత్రమంత శక్తి వచ్చేస్తుంది. గుండ్రాలకు గరిష్ఠ పరిమితి పెడితే ఇబ్బంది లేదు.

---

నిత్యగణకం

చాలా నేర్చుకున్నాను, అందరికీ ధన్యవాదాలు. ఎసింక్రొనస్‌కి మార్చాను, చక్రం పోయింది. సాధ్యమైన దారులన్నీ వెతికి చూసే సాఫ్ట్‌వేర్ అయిన మోడల్ చెకర్‌తో కూడా అడిగాను: "రెండు స్థిర స్థితుల్లో ఏదీ చేరకుండా శాశ్వతంగా తిరిగే దారి ఉందా?" లేదు అని వచ్చింది.

ఒక్కటే సందేహం. ఎసింక్రొనస్‌లో ఎక్కువ దారులు వస్తాయి కదా. అంటే మోడల్‌లో కనిపించనిది కణంలోనూ జరగదని ధైర్యంగా అనవచ్చా?

---

తర్కవీధి

అనలేరు. ఈ ప్రశ్న అడిగినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మూడు జన్యువులు తీసుకోండి: ఏ, బీ, సీ. ఏ ఎలాగూ ఆన్ అవుతుంది. ఏ ఉంటే బీ ఆన్ అవుతుంది. సీ ఆన్ కావాలంటే బీ ఉండాలి, ఏ ఉండకూడదు. 000 నుంచి మొదలుపెట్టండి. ముందు 100, తర్వాత 110, అక్కడితో ఆగిపోతుంది. సీ ఎప్పటికీ వెలగదు, సింక్రొనస్‌లోనూ ఎసింక్రొనస్‌లోనూ.

కానీ నిజమైన కణంలో ఏ ఒక్కసారిగా 0 నుంచి 1కి దూకదు, క్రమంగా పెరుగుతుంది. బీని వెలిగించడానికి కొంచెం ఏ చాలనుకుందాం, సీని ఆపడానికి చాలా ఏ కావాలనుకుందాం. అప్పుడు మధ్యలో ఒక సమయం ఉంటుంది: బీ వచ్చేసింది, ఏ ఇంకా సీని ఆపేంత పెరగలేదు. ఆ కాసేపు సీ వెలుగుతుంది. బూలియన్ మోడల్ జరగదన్నది కణంలో జరిగింది.

2020లో పోలెవే బృందం దీనికి "మోస్ట్ పర్మిసివ్" బూలియన్ నెట్‌వర్క్‌లను ప్రతిపాదించింది. 0, 1 మధ్యలో "పెరుగుతోంది", "తగ్గుతోంది" అనే స్థితులుంటాయి. ఆ స్థితిలో ఉన్న జన్యువును, అది నియంత్రించే ఒక్కో జన్యువు ఒక్కోలా చదవవచ్చు, ఒకటి ఉందని, ఇంకొకటి లేదని. అదే తర్కాన్ని అనుసరించే ఏ పరిమాణాత్మక మోడల్‌లో సాధ్యమైనా, ఇందులో తప్పిపోదని వాళ్లు నిరూపించారు. కాబట్టి ఇందులో "చేరలేదు" అని వస్తే ఆ మాటకు బలం ఉంటుంది. దారులు అనవసరంగా ఎక్కువ వస్తాయన్నది నిజమే. నా దృష్టిలో అది చెల్లించదగిన ధరే, ఎందుకంటే ఫలానాది కుదరదని చెప్పడానికే మనం మోడల్ కట్టుకుంటున్నాం.

---

అణువులెక్క

ఇక్కడ నాకు కాస్త భేదాభిప్రాయం ఉంది. దారులు మరీ ఎక్కువైతే మోడల్ దేన్నీ కాదనలేని స్థితికి వస్తుంది. అప్పుడది ప్రయోగశాల_నుంచి గారు భయపడే బాణాల బొమ్మే అవుతుంది. నేనైతే గాటా1, పీయూ.1లకు 0, 1, 2 అని మూడు స్థాయిలు ఇస్తాను. మూలకణంలో రెండూ తక్కువ మోతాదులో ఉండే స్థితిని చూపాలంటే రెండు విలువలు ఎలాగూ చాలవు. ఏ స్థాయికి ఎవరు స్పందిస్తారో ప్రయోగం నుంచి తెలిసినచోట రాసి, తెలియనిచోట మాత్రమే తర్కవీధి గారు చెప్పినట్టు వదులుగా వదిలేస్తాను.

---

తర్కవీధి

తెలిసినచోట బిగించడానికి నాకు అభ్యంతరం లేదు. తెలియనిచోట బిగించవద్దన్నదే నా పట్టు.

---

గుండె_విద్యుత్తు

ఒకే పద్ధతికి కట్టుబడాల్సిన పని కూడా లేదు. మైకోప్లాస్మా జెనిటాలియం అనే బ్యాక్టీరియా మొత్తం కణాన్ని 2012లో కార్, కోవర్ట్ బృందం సిమ్యులేట్ చేసింది. 525 జన్యువులు, 28 ఉప మోడళ్లు, ఒక్కోదానికి తగిన గణితం ఒక్కోటి. ప్రతి సెకనుకూ అన్నీ ఒకే పట్టికను చదివి, దానికే రాస్తాయి. జీవక్రియకు ఒక పద్ధతి, అరుదుగా జరిగేవాటికి యాదృచ్ఛిక పద్ధతి.

నిత్యగణకం గారూ, మోడల్‌ను ఎస్‌బీఎంఎల్ ఫార్మాట్‌లో (జీవశాస్త్ర మోడళ్లను ఇతరులతో పంచుకునే ప్రామాణిక రూపం) భద్రపరచండి. బూలియన్, బహుళ స్థాయిల మోడళ్లకు అందులో "క్వాల్" అనే విస్తరణ ఉంది. బయోమోడల్స్ భాండాగారం నడిపేవాళ్లు 455 ప్రచురిత మోడళ్లను తిరిగి నడిపి చూసి 2021లో ఫలితాలు ఇచ్చారు. పేపర్‌లో ఉన్న సమాచారంతో దాదాపు సగం మోడళ్లలో అదే ఫలితం రాలేదు. తొలి విలువలు రాయకపోవడం, సమీకరణంలో గుర్తు తప్పు పడటం లాంటివే ఎక్కువ కారణాలు. ఇంత శ్రమపడి కట్టినదాన్ని ఇంకొకరు నడపలేకపోతే చాలా అన్యాయం.

---

నిత్యగణకం

బృందంతో మాట్లాడాను. ఇలా చేద్దామనుకుంటున్నాం. గాటా1, పీయూ.1లకు మూడు స్థాయిలు. నిర్ణయం ఈ జంట దగ్గర మొదలవుతుందని ముందే అనుకోకుండా, పైనుంచి వచ్చే సంకేతాన్ని విడి నోడ్‌గా పెడతాం. దానితో రెండు మోడళ్లు రాస్తాం: ఒకదాంట్లో జంటే నిర్ణయిస్తుంది, రెండోదాంట్లో పై సంకేతం నిర్ణయించాక జంట దాన్ని నిలబెడుతుంది. రెండింటిలోనూ చివరి స్థిర స్థితులు ఒకటే, కాబట్టి చివరి కణాలను మాత్రమే చూస్తే వీటిని విడదీయలేం. తేడా అంతా దారిలోనే ఉంది. మొదటిదాంట్లో రెండూ ఎక్కువగా ఉన్న (2,2) దశను దాటాకే తేలాలి. రెండోదాంట్లో ఆ దశ లేకుండానే తేలిపోవచ్చు. అప్‌డేట్ పద్ధతి మారినా ఈ తేడా నిలుస్తుందో లేదో మోడల్ చెకర్‌తో చూశాకే ప్రయోగం వాళ్లకు ఇస్తాం.

---

ప్రయోగశాల_నుంచి

ఇప్పుడు మీతో కలిసి పనిచేయాలనిపిస్తోంది. ఒక సలహా. ఒక్కో సమయంలో వేర్వేరు కణాలను తీసి కొలిచే డేటాతో ఇది తేలదు. అందులో రెండూ ఉన్నట్టు కనిపించిన కణం తర్వాత ఎటు వెళ్లిందో తెలియదు. ఒకే కణాన్ని, దాని పిల్ల కణాలను వెంబడించిన డేటా కావాలి. అలాగే "2" అంటే ఎంత మెరుపు అన్నది మోడల్ నడిపాక కాదు, ముందే నిర్ణయించుకుని రాసి పెట్టండి. లేకపోతే ఫలితాన్ని బట్టి గీత జరుగుతూ ఉంటుంది.

---

తర్కవీధి

ఆ గీతను మోడల్ ఫైల్‌లోనే వ్యాఖ్యగా రాయండి, పక్కన తేదీతో సహా. రెండు మోడళ్లూ సిద్ధమయ్యాక ఇక్కడ పెడితే నేను, అణువులెక్క గారు చెరొకటి తిరిగి నడిపి చూస్తాం.